కోట యుద్ధం తర్వాతి రోజు

ఎగువ వీధి మలుపులో, ఇంటి ముందుగదిలోనే బైండరు దుకాణం. ఒక ఇనప ప్రెస్సు, పొడుగాటి బల్ల, మేకులకు వేలాడే దారం ఉండలు, మూలన బంక గిన్నె. బడి పుస్తకాలు, ఆఫీసు రిజిస్టర్లు, కోర్టు గుమాస్తాలు తెచ్చే పాత కట్టలు, ఏవి వచ్చినా దబ్బనంతో పొడిచి, కుట్టి, అట్ట వేసి, ప్రెస్సులో బిగించి ఇచ్చేవాడు. పగలంతా ఆయన నోరు మెదపడం అరుదు. దారం కొస పళ్ల మధ్య పట్టుకుని కుట్టడం అలవాటు కాబట్టి ఏమడిగినా తలూపడమే జవాబు. కూరగాయల దగ్గర బేరం కూడా భార్యే ఆడేది.

ప్రార్థన మందిరంలో మాత్రం ఆ మనిషి వేరు. వారం వారం ప్రార్థన ముగిశాక గ్రంథంలోంచి ఒక కథ చెప్పడం ఆయన వంతు. మైకు అక్కర్లేని గొంతు. ఆయన ఏడిస్తే ఆడవాళ్లు కొంగులు కళ్లకద్దుకునేవాళ్లు, ఆయన గర్జిస్తే చంటిపిల్లలు ఉలిక్కిపడి లేచేవాళ్లు.

"ఈ గొంతు నేను వంకాయలు బేరమాడేటప్పుడు ఎక్కడ దాక్కుంటుందో కాస్త చెప్పండి," అనేది భార్య, ఇంటికొచ్చాక.

ఆయన చెప్పే కథల్లో జనానికి ప్రాణం కోట యుద్ధం. దేవుణ్ణి నమ్మిన సేనాపతి, వెంట గుప్పెడు మంది. ఎదురుగా ఎత్తైన కోట, లోపల దేవుణ్ణి వెక్కిరించే వేలమంది. తెల్లవారుజామున కోట తలుపు కూలడం, లోపలికి దూకడం, కత్తుల చప్పుడు, చివరికి 'గోడకు ఆనుకుని నిలబడ్డవాడు ఒక్కడూ మిగల్లేదు' అన్న మాట. ఆ మాటకి మందిరమంతా లేచి నిలబడి జయం, జయం అని అరిచేది. ఆ గోలలోనే బైండరు నెమ్మదిగా చివరి ముక్క చెప్పేవాడు: "కోటంటే మన మనసే. లోపలున్న శత్రువులు మన కోపం, మన అసూయ, మన ఆశ. వాటిని గెలవమని దేవుడు చెబుతున్నాడు." అప్పటికే జనం చెప్పులు వెతుక్కుంటూ ఉండేవాళ్లు.

ఆ కథని అందరికంటే ఎక్కువసార్లు విన్నది ఆయన మేనల్లుడు. తండ్రి చిన్నప్పుడే పోతే చెల్లెల్నీ పిల్లాడినీ పక్కవాటాలో పెట్టుకుని బైండరే సాకాడు. వాడు ఆయన ఒళ్లో కూర్చుని ఆ కథ విని, దిగి గరిటె పట్టుకుని కోట తలుపు కూల్చేవాడు. అది వంటింటి తలుపు. ఇప్పుడు మీసాలొచ్చాయి, వెల్డింగ్ షాపులో పని. ఎగువ వీధి కుర్రాళ్లు ఏం చెయ్యాలన్నా ముందు వాడి మొహం చూస్తారు.

దిగువ వీధిలో ఉండేవాళ్లది వేరే మతం. వాళ్ల మందిరం వేరు, వాళ్ల గ్రంథం వేరు. ఆ గ్రంథం చిరిగినా ఈ బల్ల మీదకే వచ్చేది. దానికీ అదే దారం, అదే బంక. బైండరు రక్తపోటు మాత్రలు కొనేది కూడా దిగువ వీధి మందుల షాపులోనే. షాపాయన ఆయన్ని అన్నగారూ అని పిలిచి, మాత్రల పట్టీ చేతిలో పెడుతూ ఉప్పు తగ్గించమని ప్రతిసారీ చెప్పేవాడు. అన్నగారు ప్రతిసారీ తలూపేవాడు.

గొడవ బస్టాపు దగ్గర మొదలైంది. ఎవరి మోటారు సైకిలో ఎవరి తోపుడుబండికో తగిలింది. మాటా మాటా పెరిగింది. చెయ్యి లేచింది. ఎగువ వీధి కుర్రాడొకడి తలమీద ఇనప గొట్టంతో కొట్టారు. వాణ్ణి ఆస్పత్రికి మోసుకెళ్లారు, స్పృహ లేదు. మర్నాడు పొద్దున చూస్తే ఎగువ వీధి ప్రార్థన మందిరం కిటికీ అద్దాలు పగిలి మెట్లమీద పడి ఉన్నాయి. ఎవరు కొట్టారో చూసినవాళ్లు లేరు. చూశామని చెప్పేవాళ్లు మాత్రం మధ్యాహ్నానికి వీధికి పదిమంది తయారయ్యారు.

ఆ మధ్యాహ్నం దుకాణాలన్నీ మూసేశారు. బైండరు భార్య మాత్రం సంచీ పట్టుకుని సందులోంచి మాత్రలకని వెళ్లింది. తిరిగొచ్చేసరికి ఆమె మొహం పాలిపోయి ఉంది.

"షట్టర్ సగం దించి ఉందండీ. తట్టితే షాపాయన కిందనుంచి వంగి చూశాడు. దిగువ వీధిలో సగం ఇళ్లు ఖాళీ. వీళ్లు కదల్లేదు."

"ఎందుకు?"

"వాళ్లమ్మకి తుంటి ఎముక విరిగిందిగా. పైగదిలో మంచానికి కాలు కట్టి, బరువు వేలాడదీశారు. ఆ మెట్లు మీకు తెలుసుగా, మెలికలు తిరిగి, మనిషి పట్టడమే కష్టం. మంచంతో ఎలా దింపుతారు? అమ్మని వదిలి నేనెక్కడికి పోతాను వదినగారూ అన్నాడు. మాత్రలకి డబ్బులు కూడా తీసుకోలేదు."

బైండరు దారం పళ్లమధ్యనుంచి తీసేసి పక్కన పెట్టాడు.

సాయంత్రం నాలుగవుతుండగా ప్రార్థన మందిరం కమిటీ పెద్ద వచ్చాడు. వెనకే మేనల్లుడు. కమిటీ పెద్ద కుర్చీలో కూర్చున్నాడు, మేనల్లుడు గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఇవాళ ప్రార్థనకి అందరూ వస్తున్నారు," అన్నాడు కమిటీ పెద్ద. "వీధి వీధంతా. మీరు కోట యుద్ధం చెప్పాలి."

"ఈ వారం అది కాదుగా," అన్నాడు బైండరు.

"వారం సంగతి వదిలెయ్యండి. కుర్రాళ్లు చప్పబడిపోయి ఉన్నారు. మనది ధర్మమని వాళ్లకి తెలియాలి. మన గ్రంథమే చెబుతుంటే ఇంక అనుమానమేముంది?"

మేనల్లుడు అప్పుడు నోరు తెరిచాడు. "చివర్లో ఆ మనసూ, అసూయా అవేం వద్దు మామయ్యా. గోడకి ఆనుకుని ఒక్కడూ మిగల్లేదు అంటావు చూడు, అక్కడ ఆపెయ్."

"ఆపితే?"

"ఆపితే మేం లేస్తాం. లేచి దిగువ వీధికి పోతాం."

వాడు ఆ మాట కోపంగా అనలేదు. షాపులో రేపు ఏ గేటు బిగించాలో చెప్పినట్టు అన్నాడు. బైండరు వాడి చేతికేసి చూశాడు. వెల్డింగ్ నిప్పురవ్వలు పడి మణికట్టు దాకా మచ్చలు. ఆ చెయ్యి పట్టుకునే బడికి తీసుకెళ్లాడు.

వాళ్లు వెళ్లాక బైండరు లోపలికెళ్లి దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. ఆయన ధైర్యవంతుడు కాదు. వీధిలో కుక్క మొరిగితే పక్కకి తప్పుకునే మనిషి. జ్వరమని కబురు పంపుదామని భార్యతో అన్నాడు.

"పంపండి," అంది భార్య. మంచం పక్కన నిలబడి మళ్లీ అంది, "మీరు వెళ్లకపోతే కథ ఆగుతుందా? అందరికీ కంఠతా వచ్చు. ఎవడో ఒకడు లేచి చెబుతాడు. అక్కడిదాకానే చెబుతాడు."

"ఇంకెక్కడిదాకా ఉంది?"

అడిగాక తనకే గుర్తొచ్చింది. మందిరంలో ఉండే పెద్ద గ్రంథాన్ని ఆ ఏడాదే ఆయన విప్పి మళ్లీ కుట్టాడు. కోట యుద్ధం ఉన్న పేజీలు వేళ్ల నూనెతో నల్లబడి, అంచులు నలిగి, కొన్నిచోట్ల అక్షరాలే చెరిగిపోయి ఉన్నాయి. వాటికి పల్చటి కాగితం అతికించాల్సి వచ్చింది. ఆ వెంటనే ఉన్న అధ్యాయం మాత్రం అచ్చు ఆఫీసులోంచి అప్పుడే వచ్చినట్టుంది. అప్పుడు దాన్ని చదివాడు. నిజానికి కుర్రతనంలోనూ ఒకసారి చదివాడు. చదివి, ఇది చెబితే ఎవరూ లేవరు, కథ చల్లారిపోతుంది అనుకుని పక్కన పెట్టాడు.

దుప్పటి తీసేసి చొక్కా తొడుక్కున్నాడు.

మందిరంలో నిలబడడానికి చోటు లేదు. పగిలిన కిటికీలకు అట్టలు కొట్టారు. లోపల ఉక్క. కుర్రాళ్లందరూ ముందు వరసల్లో కూర్చున్నారు, ఎప్పుడూ వెనక గోడకి ఆనుకుని కబుర్లాడే వాళ్లు కూడా. గుమ్మం బయట మెట్ల పక్కన గోనెపట్టా కప్పిన మూట ఒకటి ఉంది. అందులో ఇనప ఊచలు, కిరసనాయిలు డబ్బా ఉన్నాయని అందరికీ తెలుసు. ఎవరూ దానికేసి చూడడంలేదు.

బైండరు కథ మొదలెట్టాడు. ఎప్పుడూ చెప్పినట్టే చెప్పాడు. తలుపు కూలింది. కత్తులు లేచాయి. జనం ఊపిరి బిగబట్టారు. ఆ బిగువు ఆయనకు తెలిసిన సుఖమే. ఇన్నేళ్లూ దానికోసమే వారమంతా ఎదురుచూసేవాడు. ఇవాళ మాత్రం కళ్లు గుమ్మం బయటి మూటమీదికే పోయాయి.

"గోడకు ఆనుకుని నిలబడ్డవాడు ఒక్కడూ మిగల్లేదు," అన్నాడు.

మందిరం లేచింది. జయం అన్న కేక పైకప్పుకి కొట్టుకుంది. మేనల్లుడు గుమ్మంవైపు తిరిగాడు.

"కూర్చోండి," అన్నాడు బైండరు. "కథ అవలేదు."

మొదట ఎవరికీ వినపడలేదు. ఆయన మళ్లీ అన్నాడు. ఈసారి గర్జించలేదు, దుకాణంలో మాట్లాడే గొంతుతోనే అన్నాడు. ఆ గొంతు అక్కడ ఎవరూ విన్నది కాదు. కొందరు కూర్చున్నారు. మిగతావాళ్లు నిలబడే ఉన్నారు.

"మర్నాడు తెల్లవారింది. సేనాపతికి దాహం వేసింది. అందరికీ వేసింది. కోటలో ఉన్నది ఒక్కటే బావి. తొంగి చూస్తే అది శవాలతో నిండి ఉంది. వాళ్లు నరికినవాళ్లే. గెలిచిన సైన్యమంతా ఖాళీ కుండలు పట్టుకుని నిలబడింది. కోట బయట కొంతమంది ఆడవాళ్లు చేతులతో చెలమ తవ్వుతున్నారు. పోయినవాళ్ల భార్యలు. సేనాపతి ఒకామె దగ్గరికెళ్లి నీళ్లడిగాడు. ఆమె కుండ నింపి ఇచ్చింది. ఇచ్చి, నా మొగుడి పేరు చెప్పి తాగు అంది. ఆయనకు తెలీదు. ఎవరినడిగినా తెలీదు. గెలిచినవాళ్లలో ఒక్కరికీ ఒక్క పేరూ తెలీదు. సేనాపతి ఆ కుండ కింద పెట్టేశాడు. ఆ తర్వాత ఆయన ఏ యుద్ధానికీ వెళ్లలేదు. బతికినన్నాళ్లూ ఊరూరూ తిరిగి, చచ్చినవాళ్ల పేర్లు అడిగి తెలుసుకున్నాడు. దేవుడు ఆయనతో మళ్లీ మాట్లాడింది ఆ తర్వాతే అని రాసి ఉంది."

ఎవరో దగ్గారు.

"ఇది మీరు కల్పించారు," అన్నాడు కమిటీ పెద్ద.

బైండరు గ్రంథం తెరిచి ఆయన ముందు పెట్టాడు. కమిటీ పెద్ద కళ్లజోడు సర్దుకుని చదివాడు. పేజీ తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పి చదివాడు.

"ఉంటే ఉండనీ," అన్నాడు చివరికి. "ఇవాళ చదవాల్సింది మాత్రం ఇది కాదు."

మేనల్లుడు గుమ్మం దగ్గరనుంచి వెనక్కి వచ్చాడు. వాడి మొహం ఎర్రబడింది. "ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదు మామయ్యా?"

"మీరు లేచి జయం అని అరిచేది అక్కడే రా. నాకూ అది బాగుండేది."

"వాడు ఆస్పత్రిలో కళ్లు తెరవలేదు. నీకిప్పుడు గుర్తొచ్చిందా?"

వాడు బయటికి నడిచాడు. వాడి వెంట కుర్రాళ్లు కదిలారు. అందరూ కాదు. కొందరు తల వంచుకుని అక్కడే ఉండిపోయారు, కొందరిని తల్లులు చొక్కా పట్టుకుని ఆపారు. అయినా ముప్పైమందికి తక్కువ కాకుండా మెట్లు దిగారు. గోనెపట్టా లాగిన చప్పుడు, ఇనుము ఇనుముకి తగిలిన చప్పుడు లోపలికి వినిపించాయి.

బైండరు సందు దారి పట్టాడు. గుంపు పెద్దవీధి చుట్టి రావాలి, సందైతే అడ్డదారి. పరిగెత్తే వయసు కాదు, అయినా గోడ పట్టుకుంటూ పరిగెత్తాడు. దారిలో ఏమనుకున్నాడో తర్వాత ఎవరడిగినా చెప్పలేకపోయాడు. భయం తప్ప ఇంకేం గుర్తులేదన్నాడు.

మందుల షాపు షట్టర్ ఇప్పుడు పూర్తిగా దించి ఉంది. పైగది కిటికీలోంచి చిన్న దీపం వెలుగు. బైండరు మెట్టుమీద కూర్చుని, వీపు షట్టర్‌కి ఆనించాడు. రేకు సన్నగా గలగలమంది.

"ఎవరు?" లోపలినుంచి షాపాయన గొంతు.

"నేనే. తలుపు తియ్యొద్దు."

"అన్నగారూ, మీరెందుకొచ్చారు? వెళ్లిపోండి."

"అమ్మ ఎలా ఉంది?"

అప్పటికే గుంపు మలుపు తిరిగింది.

ముందు మేనల్లుడు. చేతిలో ఊచ. మామయ్యని చూసి ఆగాడు. వెనకవాళ్లు వాడి వీపుకి కొట్టుకుని ఆగారు.

"లే మామయ్యా."

"లేవలేను రా. ఆయాసంగా ఉంది."

అది నిజమే. వాడికీ తెలుసు.

"లేపి పక్కన పెట్టాల్సొస్తుంది."

"పెట్టు."

వాడు రెండడుగులు వేశాడు. వంగి భుజం పట్టుకున్నాడు. బైండరు వాడి ముంజేతిని గట్టిగా పట్టుకున్నాడు. ఇద్దరి ఊపిర్లూ ఒకరి మొహంమీద ఒకరికి తగులుతున్నాయి. "పైన ముసలావిడ మంచానికి కట్టేసి ఉంది," అన్నాడు బైండరు, వాడికి మాత్రమే వినపడేలా. "కింద అంటిస్తే ఆవిడ దిగలేదు."

వాడు వినిపించుకున్నాడో లేదో తెలియదు. సరిగ్గా అప్పుడే గుంపు వెనకనుంచి రాయి వచ్చింది. షట్టర్‌కని వేసిందే. బైండరు ఎడమ చెవి పక్కన తగిలింది. ఆయన ఒరిగిపోయాడు. మెడమీదుగా నెత్తురు కాలర్‌లోకి దిగింది.

మేనల్లుడు ఊచతో సహా వెనక్కి తిరిగాడు.

"ఎవడ్రా వేసింది?"

వెనకున్నవాళ్లు చేతుల్లో రాళ్లు కిందకి జారవిడిచారు.

"ఎవడ్రా మా మామయ్యని కొట్టింది?"

"చూసి వెయ్యలేదు," అన్నాడొకడు. "ఆయన్నెవడు కూర్చోమన్నాడు?" అన్నాడు ఇంకొకడు. ఆ రెండోవాడి మీదికి మేనల్లుడు దూకాడు. కొందరు అడ్డొచ్చారు, చొక్కాలు చిరిగాయి, ఊచలు రోడ్డు మీద పడి దొర్లాయి. దిగువ వీధిని తగలబెట్టడానికి వచ్చినవాళ్లు ఆ వీధి నడుమన వాళ్లలో వాళ్లే కలబడ్డారు. బోధ వల్ల ఆగిందని ఎవరూ చెప్పలేరు. తన మామయ్య నెత్తురు చూసి వాడికి ఒళ్లు మండింది, అంతే.

గుంపు చెదిరింది. పోతూ పోతూ కొందరు దిగువ వీధి మలుపులో ఉన్న సైకిలు షాపుకి నిప్పు పెట్టారు. దాని ముందు ఎవరూ కూర్చుని లేరు. టైర్లు చాలాసేపు కాలాయి. పోలీసు జీపులు వచ్చేసరికి వీధంతా నల్లటి పొగ. మందుల షాపాయన షట్టర్ ఎత్తి, బైండరును లోపలికి లాగి, దూది పెట్టి కట్టు కడుతున్నాడు.

స్టేషన్లో ఇన్‌స్పెక్టరు అడిగాడు. "గుంపుని తీసుకొచ్చింది ఎవరు?"

కమిటీ పెద్ద, చెల్లెలు, వీధివాళ్లు బెంచీమీద కూర్చుని ఉన్నారు. బైండరు వాళ్లకేసి చూడలేదు.

"మా మేనల్లుడు," అన్నాడు. "ఆగడానికి కారణం కూడా వాడే. అదీ రాయండి. వాళ్లని లేపింది నా కథ. నన్నూ రాసుకోండి."

"కథ చెప్పినందుకు కేసు పెట్టడానికి నా దగ్గర సెక్షన్ లేదు పెద్దాయనా," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

చెల్లెలు బెంచీమీంచి లేచింది. "సొంత మేనల్లుణ్ణి పట్టించావు అన్నయ్యా," అంది. ఆ వారంలోనే పక్కవాటా ఖాళీచేసి వేరే వీధిలో గది తీసుకుంది.

మేనల్లుడు కొన్ని నెలలు జైల్లో ఉన్నాడు. ఆస్పత్రిలో కుర్రాడు బతికాడు, మాట కాస్త తడబడుతుంది. మందిరం కమిటీ బైండరును కథలు చెప్పడం మాన్పించింది. గొంతు బాగాలేదని బయట చెప్పారు. ఇప్పుడు వేరే ఆయన చెబుతున్నాడు, కోట యుద్ధం జయం దగ్గరే ఆపుతున్నాడు. కొందరు ముసలివాళ్లు మాత్రం ఆ తర్వాత కూడా కాసేపు లేవకుండా కూర్చుంటున్నారట.

కట్టు విప్పాక బైండరు మొదట వెళ్లింది సైకిలు షాపాయన దగ్గరికి. ఆయన మసిబారిన రిమ్ములు ఒకపక్కకి పేరుస్తున్నాడు. బైండరు సాయం పట్టబోయాడు.

"వద్దు," అన్నాడాయన. "మందుల షాపుకి అడ్డం కూర్చున్నారట, మంచిది. నాకెవరు కూర్చున్నారు? మీ కథలు మీ దగ్గరే పెట్టుకోండి."

"మీ పేరడుగుదామని వచ్చాను," అన్నాడు బైండరు. "ఇన్నేళ్లూ సైకిలు షాపాయన అనే అన్నాను."

ఆయన చేతిలో రిమ్ము తిప్పి మసి తుడిచాడు. మళ్లీ పేర్చుకోవడం మొదలెట్టాడు. బైండరు వచ్చేశాడు. తర్వాత కూడా వెళ్లేవాడు, వారానికోసారి, రెండుసార్లు. పేరు మాత్రం ఆయన నోట వినలేదు.

ఆ రాయితో ఎడమ చెవి వినికిడి పూర్తిగా పోయింది. భార్యకి అది కలిసొచ్చింది. తిట్టాలనుకున్నప్పుడు ఎడమవైపు కూర్చునేది.

జైలునుంచి వచ్చాక మేనల్లుడు చాలా రోజులు ఎగువ వీధికే రాలేదు. వచ్చింది ఒక మధ్యాహ్నం. బైండరు బల్ల దగ్గర దారం పళ్లమధ్య పట్టుకుని కోర్టు కట్ట ఒకటి కుడుతున్నాడు. వాడు గుమ్మంలో చెప్పులు విడిచి, లోపలికొచ్చి, స్టూలు లాక్కుని ఎడమపక్కన కూర్చున్నాడు. చిక్కిపోయాడు. తలవంచుకుని ఏదో అన్నాడు. బైండరు కుడుతూనే ఉన్నాడు. వాడు మళ్లీ అన్నాడు. జవాబు లేకపోయేసరికి లేవబోయాడు.

"ఆ చెవికి వినపడదురా," అంది అత్తయ్య వంటింట్లోంచి. "ఇటు వచ్చి చెప్పు."

వాడికి ఆ సంగతి అప్పటిదాకా తెలీదు. మామయ్య చెవి పక్కన తెల్లగా మెరుస్తున్న మచ్చకేసి చూశాడు. స్టూలు ఎత్తుకుని బల్ల చుట్టూ తిరిగి కుడివైపుకి వచ్చాడు.

"అమ్మ భోజనానికి రమ్మంటోంది మామయ్యా," అన్నాడు. "అత్తయ్యని కూడా."

బైండరు దారం తెంపి, కట్టని ప్రెస్సులో పెట్టి, చక్రం తిప్పి బిగించాడు.

"చొక్కా మార్చుకుని వస్తాను," అన్నాడు. "కూర్చో."